మహమ్మారి – స్థానికసమాజాల సుస్థిరాభివృద్ధి: తుమ్మలపల్లె పరిసరగ్రామాలు

1. ఉపోద్ఘాతం:
రాబోయే తరాల అవసరాలకు భంగం కలగకుండా నేటి అవసరాలను తీర్చుకోవడమే సుస్థిరాభివృద్ధి అని 1987లో బ్రంట్‌లాండ్ సంఘం నిర్వచించింది. 2015లో ఐక్యరాజ్యసమితి ఇందుకోసం 17 లక్ష్యాలను ప్రకటించి, 2030ని గడువుగా నిర్ణయించింది. ఆ గడువులో మూడోవంతు గడవకముందే, 2020 మార్చి 11న ప్రపంచ ఆరోగ్యసంస్థ కోవిడ్-19ను మహమ్మారిగా ప్రకటించింది. ఇటువంటి విపత్తు గ్రామస్థాయి అభివృద్ధిని ఏ మార్గాల్లో దెబ్బతీస్తుందో కడపజిల్లా తుమ్మలపల్లె పరిసరాల ఆధారంగా వివరించడమే ఈ వ్యాస ఉద్దేశం.

2. ప్రాంతనేపథ్యం:
పులివెందుల సమీపాన, వేముల మండలంలో ఉన్న తుమ్మలపల్లెలో భారత యురేనియం సంస్థకు గని, శుద్ధికర్మాగారం ఉన్నాయి. కర్మాగారం 2012లో ప్రారంభమైంది. ఈ ప్రాంత రైతులకు అరటి, చీనీతోటలు ముఖ్య జీవనాధారం. వానలు తక్కువైన ఈ సీమలో తోటలకు బోరుబావులే దిక్కు. కర్మాగార వ్యర్థాలను నిలవచేసే టెయిలింగ్ పాండ్ వల్ల భూగర్భజలం కలుషితమవుతోందని పరిసరగ్రామాల రైతులు ఆరోపించగా, సంస్థ దానిని తోసిపుచ్చింది.

3. జీవనోపాధిపై ప్రభావం:
2020 మార్చి 25న దేశవ్యాప్త లాక్‌డౌన్ మొదలైంది. పక్వానికి వచ్చిన అరటిగెల రవాణా కోసం ఆగదు; పంటకోసం తెచ్చిన అప్పుపై వడ్డీ కూడా ఆగదు. ఒక కోత నష్టపోయిన చిన్నరైతు మరుసటి పంట పెట్టుబడికి పశువులనో, నగలనో వదులుకోవలసి వస్తుంది. వ్యాధి తగ్గినా ఆ ఆస్తి తిరిగిరాదు. ప్రొద్దుటూరు వస్త్రవ్యాపారానికి, జమ్మలమడుగు మగ్గాలకు పెళ్ళిళ్ళకాలమే ఆదాయకాలం. ఆ వేసవి శుభకార్యాలు వాయిదా పడితే నేతకారునికి ఏడాది ఆదరువు తప్పినట్లే. ప్రభుత్వం 2020 జూన్‌లో 'నేతన్న నేస్తం' కింద అర్హులైన చేనేత కుటుంబాలకు రూ.24,000 చొప్పున అందించింది. ఇది తక్షణ ఉపశమనమే గాని, ఆగిన గిరాకీకి ప్రత్యామ్నాయం కాదు.

4. నీరు – ఆరోగ్యం:
చేతులు తరచుగా కడుక్కోవాలన్న సూచన ఇంట్లో చాలినంత మంచినీరు ఉందన్న నమ్మకంపై నిలిచింది. బోరునీటినే శంకించే ఊరిలో ఆ సూచనను పాటించడం సులభం కాదు. అంటే మూడవ లక్ష్యమైన ఆరోగ్యం, ఆరవ లక్ష్యమైన పరిశుభ్రజలంపై ఆధారపడి ఉంది. మహమ్మారి ఈ లోటును సృష్టించలేదు. ఉన్న లోటును ప్రాణాపాయంగా మార్చింది.

5. విద్య:
బడులు మూతపడినప్పుడు దూరదర్శన్ ద్వారా పాఠాలు ప్రసారమయ్యాయి. అయితే తెరపై పాఠం ఉపాధ్యాయుని పర్యవేక్షణకు, మధ్యాహ్నభోజనం వేళ బడిలో దొరికే వేడి అన్నానికి సాటిరాదు. కూలికి అలవాటుపడిన బాలుడు, పెళ్ళిమాట వచ్చిన బాలిక తిరిగి బడికి రావడం కష్టం. ఈ నష్టం ఒక తరమంతా వెంటాడుతుంది.

6. ముగింపు:
పై పరిశీలన వల్ల తేలిన అంశాలు:
• మహమ్మారి దెబ్బ అంతటా ఒకేలా ఉండదు. నీరు, పొదుపు, మార్కెట్ కొరవడినచోట అధికంగా ఉంటుంది.
• ఉపాధిహామీ పథకం కింద తవ్వే నీటికుంటలు, ఊటచెరువులు నేడు కూలిని, రేపు నీటిని ఇస్తాయి. ఉపశమనం, సుస్థిరత కలిసే మార్గమిదే.
• తాగునీటి, బోరునీటి పరీక్షాఫలితాలను గ్రామసభలో తెలుగులో ప్రకటించాలి. విపత్తు వేళ ప్రభుత్వ సూచనలను ప్రజలు పాటించాలంటే, మామూలు రోజుల్లోనే ఆ నమ్మకాన్ని సంపాదించుకోవాలి.