బీర్కూర్‌లో లేని రాకాసి బల్లి అన్నారంలో ఎలా దొరికింది?

రాకాసి బల్లి అనగానే పిల్లలు టి.రెక్స్ బొమ్మే గీస్తారు. 12 మీటర్ల పొడవు, ఏడెనిమిది టన్నుల బరువు. ఆ టైరన్నోసార్ వంశంలో చిన్నవీ ఉన్నాయి. అమెరికాలోని యూటాలో దొరికిన మోరోస్ ఇంట్రెపిడస్ బరువు 78 కిలోలే. 9.6 కోట్ల ఏళ్ల నాటి ఈ జంతువుకు 2019లో పేరు పెట్టారు.

టైరన్నోసార్ల జాడ మన దేశంలో దొరకలేదు. కానీ వాటికంటే చాలా ముందే పుట్టిన చిన్న మాంసాహార డైనోసార్ ఒకటి తెలంగాణ నేలలోనే బయటపడింది.

250 కోట్ల ఏళ్లు: బీర్కూర్ బండ వయసు

బీర్కూర్ ఉన్న కామారెడ్డి జిల్లాలో పొలాల మధ్య కనిపించే గ్రానైట్ గుట్టలు దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటివి. డైనోసార్లు పుట్టింది సుమారు 23 కోట్ల ఏళ్ల కిందట. పైగా గ్రానైట్ భూగర్భంలో కరిగిన శిల చల్లారితే ఏర్పడుతుంది. అందులో ఎముక మిగలదు. బీర్కూర్‌లో ఎంత తవ్వినా ఆ బండల్లో రాకాసి బల్లి దొరకకపోవడానికి కారణం ఇదే.

ఎముక రాయిగా మారాలంటే బురదలోనో ఇసుకలోనో త్వరగా పూడిపోవాలి. బీర్కూర్ పక్కనుంచి పారే మంజీర కందకుర్తి దగ్గర గోదావరిలో కలుస్తుంది. గోదావరి వెంట ఇంకా కిందికి, మంచిర్యాల వైపు వెళ్తే అలాంటి నేలే ఉంది. సింగరేణి బొగ్గు దాచుకున్న ప్రాణహిత–గోదావరి లోయ అది.

22 కోట్ల ఏళ్లు: మలేరిరాప్టర్ కాలం

ఆ లోయలో మలేరి పొరలు అనే ఎర్రని బంకమట్టి రాళ్లున్నాయి. అన్నారం గ్రామం దగ్గర ఆ పొరల్లో నడుము, తుంటి, తోక భాగాల ఎముకలు దొరికాయి. కోల్‌కతాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ వాటిని భద్రపరిచింది. 2011లో ఒక పరిశోధన వ్యాసంలో వాటి ప్రస్తావన వచ్చింది. 2025లో అర్జెంటీనా శాస్త్రవేత్త మార్టిన్ ఎజ్‌కుర్రా బృందం వాటిని కొత్త జాతిగా తేల్చింది. గోదావరి లోయ శిలాజాల కోసం ఎంతో శ్రమించిన టి.ఎస్. కుట్టి గౌరవార్థం మలేరిరాప్టర్ కుట్టియి అని పేరు పెట్టింది.

ఇది హెర్రెరాసార్ కుటుంబానికి చెందినది. దక్షిణ అమెరికాలో ఆ కుటుంబం కనుమరుగైన తర్వాత కూడా మన దగ్గర బతికే ఉందని ఈ ఎముకలు చెప్పాయి. దీనికీ టి.రెక్స్‌కూ మధ్య దూరం 15 కోట్ల ఏళ్లు. టి.రెక్స్‌కూ మనకూ మధ్య 6.6 కోట్ల ఏళ్లే.

840 ఎముకలు: మనం చూడగలిగినవి

ఈ లోయలో ఊళ్ల పేర్లే డైనోసార్ జాతుల పేర్లయ్యాయి. నంబాల నుంచి నంబాలియా, ధర్మారం నుంచి లాంప్లూసారా ధర్మారమెన్సిస్, యామన్‌పల్లి నుంచి కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్. యామన్‌పల్లిలో కనీసం 12 జంతువులకు చెందిన 840 ఎముకలు దొరికాయి. వాటితో నిలబెట్టిన తొమ్మిది మీటర్ల అస్థిపంజరం హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో ఉంది.

టి.రెక్స్ పేరు తడుముకోకుండా చెప్పే మన పిల్లలకు మలేరిరాప్టర్, కోటాసారస్ పేర్లు కూడా రావాలి. బడి విహారయాత్రలో ఆ మ్యూజియం తప్పక చూపించండి. గోదావరి లోయలో ఎముకలాంటి రాయి కనిపిస్తే పెకలించకండి. ఫొటో తీసి, చోటు గుర్తుపెట్టుకుని, భారత భూగర్భ సర్వేక్షణ సంస్థకు తెలపండి. ఏ పొరలో దొరికిందో తెలియకపోతే ఆ ఎముక వయసు చెప్పడం కష్టం.