కిరాణా షాపులో ఇంద్రజాలం

కాగితం కప్పు, మందారపువ్వు, నిమ్మకాయ, ఖాళీ సీసా. హైదరాబాద్ చైతన్యపురి గల్లీల్లో దొరికే వస్తువులతో పిల్లలు తయారుచేసుకోగల మేజిక్ సామాను ఈ వారం ముఖచిత్ర కథనం.

బల్ల మీద మూడు కాగితం కప్పులు. ఒకదానిలో కాసిని నీళ్లు పోస్తారు. కప్పుల్ని అటూ ఇటూ జరిపి, నీళ్లు ఎందులో ఉన్నాయో చెప్పమంటారు. చూసేవాళ్లు చూపించిన కప్పును బోర్లిస్తే చుక్క పడదు. మిగతా రెండూ బోర్లించినా అంతే.

“బాలల దినోత్సవం సంచికకు వంద రూపాయల్లో అయ్యే మేజిక్ గురించి రాయండి, గురువారానికల్లా కావాలి” అని సంపాదకులు చెప్పినప్పుడు నేను రాసుకున్న జాబితాలో ఈ కప్పులది ఒక్క వరుస. చైతన్యపురి మెట్రో స్టేషన్ దగ్గరి గల్లీల్లో కిరాణా, మందుల షాపు, స్టేషనరీ తిరిగి, తెచ్చిన సామానుతో చేసి చూశాక మిగతావన్నీ వెనక్కి జరిగాయి. అందుకే పెద్దపీట ఈ కప్పుకే.

నీళ్లు ఏడికి పోయినయ్?

రహస్యం మందుల షాపులో విడిగా కూడా అమ్మే పిల్లల డైపర్‌లో ఉంది. పైపొర కత్తిరించి, లోపలి దూదిని కవర్లో వేసి దులిపితే సన్నటి తెల్లని పలుకులు రాలతాయి. వీటి పేరు సోడియం పాలీయాక్రిలేట్. స్వచ్ఛమైన నీటినైతే తన బరువుకు కొన్ని వందల రెట్లు పీల్చుకుని జెల్‌గా మారుతుంది. చెంచాడు పలుకులు ముందే ఒక కప్పు అడుగున వేసుకోవాలి. అందులో పావు కప్పు నీళ్లు పోసి అర నిమిషం ఆగాలి. విద్యంతా ఆ అర నిమిషంలోనే ఉంది. కప్పులు జరపడం, “బాగా చూడండి” అనడం, ఎదుటివాళ్లను మాటల్లో పెట్టడం, ఇవన్నీ పలుకులు నీళ్లు తాగడానికి ఇచ్చే వ్యవధి. ఆపైన కప్పు బోర్లించినా జెల్ అడుగుకు పట్టుకునే ఉంటుంది.

ఇక నీళ్ల సంగతి. ఫిల్టర్ నీళ్లతో జెల్ గట్టిగా వస్తుంది. పలుకులు తక్కువ వేసి బోరు నీళ్లు పోస్తే పలచగా వస్తుంది. బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువ. ఈ పదార్థం నీటిని లోపలికి లాక్కునేది తనలో ఉన్న సోడియం అయాన్ల బలంతో. బయటి నీటిలోనూ లవణాలుంటే ఆ లాగుడు తగ్గిపోతుంది. మా వాడకట్టులో ఆరో తరగతి చదివే అమ్మాయి కప్పు బోర్లించగానే అడిగింది: “అంకుల్, నీళ్లు ఏడికి పోయినయ్?” కప్పు చేతికిచ్చి చిటికెడు ఉప్పు వేయమన్నాను. కలుపుతుంటే జెల్ జారి నీళ్లు మళ్లీ ఊరాయి. మాయమైన నీళ్లను తిరిగి తెప్పించే రెండో అంకం కూడా కిరాణా షాపులోనే దొరికింది.

మేజిక్ కోసం కొన్న రంగుల పెట్టె చూస్తే జనం పెట్టెనే అనుమానిస్తారు. రోజూ చాయ్ తాగి పడేసే కప్పును ఎవరూ అనుమానించరు. అందుకే చవక సామాను ఖరీదైన సామానుకు నకలు కాదని, దానికన్నా మేలైనదని నేను గట్టిగా నమ్ముతున్నాను. కొన్న పెట్టెతో రహస్యం చేతికొస్తుంది. సొంతంగా చేసుకున్న కప్పుతో కారణం బుర్రకెక్కుతుంది.

వెనక్కి చూస్తే

15వ శతాబ్దపు కొరవి గోపరాజు ‘సింహాసన ద్వాత్రింశిక’లో ఐంద్రజాలికుడి కథ చెప్పాడు. గారడీనే వృత్తిగా చేసుకున్న విప్రవినోదులు తెలుగునాట ఉండేవారు. ఇంగ్లండ్‌లో రెజినాల్డ్ స్కాట్ 1584లోనే, ఒంట్లో గుచ్చుకున్నట్టు కనిపించే వంపు కత్తుల బొమ్మలు వేసి మరీ గారడీల గుట్టు విప్పాడు. పి.సి. సర్కార్ ‘వాటర్ ఆఫ్ ఇండియా’ పేరుతో వంచిన కొద్దీ నీళ్లొచ్చే చెంబును ప్రపంచమంతా తిప్పాడు. మన తరానికి మేజిక్ అంటే బి.వి. పట్టాభిరామ్.

బాక్సు: బుట్టలో వేసుకోండి

సీసా: ఖాళీ వాటర్ బాటిల్ అడుగు దగ్గర పిన్నుతో చిల్లు పెట్టి, వేలితో మూసి నీళ్లు నింపి మూత బిగించండి. వేలు తీసినా నీళ్లు కారవు. మూత కాస్త వదులు చేస్తే వస్తాయి, బిగిస్తే ఆగుతాయి. “రా”, “ఆగు” అని ఆజ్ఞాపించండి. సర్కార్ చెంబుదీ ఇదే గాలి కిటుకు.

పసుపు కాగితం: పసుపు నీళ్లలో ముంచి ఆరబెట్టిన కాగితం మీద బట్టల సబ్బు నీళ్లతో పేరు రాస్తే ఎర్రగా తేలుతుంది. నిమ్మరసం రాస్తే చెరిగిపోతుంది.

బాక్సు: జాగ్రత్తలు

డైపర్ పలుకులు కళ్లలో, ముక్కులో, నోట్లో పడనీయకండి. నేల మీద తడిస్తే జారతాయి. జెల్‌ను సింకులో పోయకుండా ఆరబెట్టి చెత్తబుట్టలో వేయండి. కర్పూరం, రసాయనాలతో మంట పుట్టించే విద్యలు పిల్లలకు వద్దు.

కత్తి చూపించండి

మందారపు రేకుల్ని కత్తికి రుద్ది ఆరనివ్వండి. దాంతో నిమ్మకాయ కోస్తే ఎర్రటి రసం కారుతుంది. మందారంలోని ఆంథోసయనిన్ పులుపు తగిలితే ఎర్రబడుతుంది. ఇంతే సంగతి. కానీ ఇదే నిమ్మకాయను చూపించి “చేతబడి జరిగింది, రక్తం చూడు” అని డబ్బు గుంజేవాళ్లున్నారు. అక్కడ ఈ సామాను ఆటవస్తువు కాదు, ఆయుధం.

ఆ ఆయుధాన్ని లాక్కోవడానికి మన దగ్గర చాలామంది శ్రమించారు. గోరా, సరస్వతి గోరా 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో స్థాపించిన నాస్తిక కేంద్రం వాళ్లు నిప్పుల మీద నడిచి చూపించి, మహిమేమీ లేదన్నారు. కోయంబత్తూరు దగ్గరి పోదనూరుకు చెందిన బి. ప్రేమానంద్ ఇలాంటి ‘అద్భుతాల’ తయారీని పుస్తకంగా రాశారు. 1988లో ఏర్పడిన జన విజ్ఞాన వేదిక కార్యకర్తలు బడుల్లో, ఊళ్లలో ఇవే చేసి, వెంటనే కిటుకూ చెబుతూ వచ్చారు.

మెజీషియన్ గుట్టు దాచుకోవడం న్యాయమే. టికెట్టు కొన్నవాడు మోసపోవడానికే, అదీ ఇష్టంగా, వస్తాడు. భయపెట్టి డబ్బు లాగే చోట మాత్రం గుట్టు విప్పితీరాలి. పిల్లలకు ఈ తేడా ఉపన్యాసంతో తెలియదు, చేసి చూస్తే తెలుస్తుంది. ఈ ఆదివారం వాళ్ల చేత ఒక్క కప్పు, ఒక్క కత్తి సిద్ధం చేయించండి. రేపు ఎవరైనా నిమ్మకాయ కోసి రక్తమంటే ఆ పిల్లలు దడుసుకోరు. ముందు కత్తి చూపించమంటారు.