పంటికి బదులుగా అరిగే పలక

కొన్ని వైద్య సాధనాలు పొరపాటు సిద్ధాంతం నుంచి పుట్టి, ఆ సిద్ధాంతం చచ్చిపోయాక కూడా బతికే ఉంటాయి. రాత్రి పడుకునేముందు పళ్లకు తొడుక్కునే నైట్ గార్డ్ అలాంటిదే. చిగుళ్లు చెడి పళ్లు కదిలిపోయే పయోరియాకు కారణం నిద్రలో పళ్లు కొరకడమేనని 1901లో వియన్నా దంతవైద్యుడు మోరిట్జ్ కరోలీ వాదించారు. పై పళ్లూ కింది పళ్లూ ఒరుసుకోకుండా మధ్యలో గట్టి రబ్బరు పలక పెట్టాలన్నది ఆయన చికిత్స. అందుకు కావలసిన పదార్థం అప్పటికే సిద్ధంగా ఉంది. చార్లెస్ గుడ్‌ఇయర్ 1844లో పేటెంట్ పొందిన పద్ధతిలో, గంధకం పాళ్లు పెంచి రబ్బరును ఉడికిస్తే వల్కనైట్ అనే గట్టి పదార్థం వస్తుంది. కట్టుడు పళ్ల చిగుళ్లను అప్పటికే దశాబ్దాలుగా దానితోనే పోతపోస్తుండేవారు. 1930ల చివర్లో అక్రిలిక్ వచ్చి ఆ స్థానాన్ని ఆక్రమించింది. ఇప్పుడు కొన్నిచోట్ల నోటిని స్కాన్ చేసి, కంప్యూటర్ సాయంతో పలకను చెక్కుతున్నారు. ఇంత మారినా రెండు మూడు మిల్లీమీటర్ల మందాన, ఒక దవడ పళ్లన్నిటినీ కప్పే ఆ రూపం మాత్రం పెద్దగా మారలేదు.

మారినదల్లా, అది ఎందుకు పనిచేస్తుందన్న వివరణ. పళ్లమీద పేరుకునే సూక్ష్మజీవుల పాచే చిగుళ్ల వాపు తెస్తుందని 1965లో హరాల్డ్ లో బృందం డెన్మార్క్‌లో నిరూపించింది. పళ్లు తోముకోవడం మానేసిన ఆరోగ్యవంతుల చిగుళ్లు వాచాయి, మళ్లీ తోముకోగానే నెమ్మదించాయి. దాంతో కరోలీ వాదం వీగిపోయింది. పై పళ్లూ కింది పళ్లూ సరిగ్గా పొసగకపోవడమే పళ్లు కొరకడానికి మూలమని 1961లో అమెరికాలో సిగుర్డ్ రామ్‌ఫ్యోర్డ్ చెప్పారు. ఈ నమ్మకంతో ఎన్నో నోళ్లలో మంచి పళ్లను అరగదీసి సరిచేశారు. అది తలుచుకుంటే బాధ కలుగుతుంది. 1984లో జాన్ రగ్ బృందం కావాలనే కొన్ని పళ్లకు ఎత్తైన తొడుగులు పెట్టి కండరాల కదలికను కొలిచింది. ఆ వాదం ప్రకారం కొరకడం పెరగాలి. తొలి రాత్రుల్లో అది చాలామందిలో తగ్గింది. పిల్లలు పళ్లు కొరికితే కడుపులో నులిపురుగులున్నాయనే మన ఇళ్లలోని మాటకూ గట్టి ఆధారం లేదు. నిద్ర పూర్తిగా చెదరకుండానే మెదడు కొన్ని క్షణాలపాటు ఉలిక్కిపడే వేళల్లో, గుండె వేగం పెరిగి ఆ వెంటనే దవడ కండరాలు లయబద్ధంగా బిగుసుకుంటాయని నిద్ర ప్రయోగశాలల కొలతలు చెబుతున్నాయి. పుట్టుక మెదడులో, నష్టం పళ్లలో.

అలాగైతే ప్లాస్టిక్ పలక మెదడును ఎలా ఆపుతుందని అడగవచ్చు. ఆపదు. తొడుక్కున్న కొత్తలో కొందరిలో కొరకడం తగ్గినా, కొన్ని వారాల్లో మళ్లీ మామూలు స్థాయికి వస్తుంది. అందుబాటులో ఉన్న ప్రయోగాలను కలిపి చూసిన 2007 నాటి కాక్రేన్ సమీక్ష కూడా, ఈ పలక నిద్రలో కొరకడాన్ని నయం చేస్తుందనడానికి చాలినంత ఆధారం లేదని తేల్చింది. దీన్నిబట్టి పలకే దండగ అనేవారున్నారు. నేను ఒప్పుకోను. ఆ సమీక్ష ప్రధానంగా అడిగింది కొరకడం ఆగుతుందా అని. పన్ను మిగులుతుందా అన్నది వేరే ప్రశ్న. ఎనామిల్‌ను తయారుచేసే కణాలు పన్ను మొలిచేసరికే నశిస్తాయి కాబట్టి, ఒకసారి అరిగింది తిరిగి పెరగదు. అక్రిలిక్ ఎనామిల్‌కన్నా మెత్తన, అందుకే ఒరిపిడిలో ముందు అరిగేది పలకే. చెప్పు అరిగి పాదాన్ని కాపాడినట్టు అది పంటిని కాపాడుతుంది. అరిగిన పలకను మార్చుకోవచ్చు. నైట్ గార్డ్ మీద అంతకుమించి ఆశ పెట్టుకోకూడదు, అంతకు తక్కువగా దాన్ని తీసిపారేయనూ కూడదు.

ఆ పాటి పనికి దుకాణంలో దొరికే, వేడినీళ్లలో మెత్తబరిచి కొరికే చవక రకం చాలదా అన్న ప్రశ్న సహేతుకమే. అచ్చు తీయించి చేయించుకునే దానికి ఖర్చు ఎక్కువ. కానీ 1987లో జెఫ్రీ ఓకెసన్ పదిమందిపై చేసిన చిన్న పరీక్షలో, గట్టి పలక ఎనిమిదిమందిలో రాత్రి కండరాల కదలికను తగ్గించగా, మెత్తటిది ఐదుగురిలో పెంచింది. ఇంత చిన్న లెక్కమీద తీర్పు చెప్పలేం. అంతకన్నా బలమైన కారణం కొలతలో ఉంది. కొన్ని పళ్లనే కప్పే పలకను నెలల తరబడి పెట్టుకుంటే కప్పని పళ్లు పైకి జరిగి, నోరు మూసినా పళ్లన్నీ కలవని స్థితి రావచ్చు. అందరికీ ఒకే కొలతతో వచ్చే పలక ఒకేచోట బరువు మోపితే దవడ కీలు నొప్పెడుతుంది. అచ్చు తీసి చేసిన పలక అన్ని పళ్లకూ బరువు పంచుతుంది, వైద్యుడు దాన్ని రాకి సరిచేయగలడు.

నిద్ర సంగతి వచ్చేసరికి మాత్రం జాగ్రత్త అవసరం. గురకపెట్టి, నిద్రలో ఊపిరి ఆగిపోయే స్లీప్ ఆప్నియా ఉన్న పదిమందికి కెనడా పరిశోధకులు 2004లో పై దవడ పలక తొడిగి చూస్తే, కొందరిలో ఊపిరి ఆగడం మరింత పెరిగింది. కింది దవడను ముందుకు జరిపి గొంతులో గాలిదారి తెరిచే సాధనం వేరే ఉంది. చూడ్డానికి నైట్ గార్డ్‌లాగే ఉన్నా, దాని పని వేరు. అందువల్ల పళ్లు కొరకడంతోపాటు పెద్ద గురక, పగలంతా మత్తు ఉన్నవాళ్లు అచ్చు తీయించుకునేముందు నిద్ర పరీక్ష చేయించుకోవడమే సరైన క్రమం.