లెక్కల గదిలో ల్యాప్‌టాప్

కర్నూలు జిల్లా పడమటి భాగమున ఆదోని, ఎమ్మిగనూరు అను రెండు వర్తక పట్టణములు కలవు. ఆదవాని యని పూర్వులు పిలిచిన ఆదోని పత్తి వ్యాపారమునకు పేరు గాంచినది. గుంతకల్లు నుండి రాయచూరు పోవు రైలుమార్గము ఆ ఊరి మీదుగనే సాగును. ఎమ్మిగనూరు చేనేతకు ఆటపట్టు. 1938వ సంవత్సరమున మాచాని సోమప్పగారు అచ్చట నేతపనివారికై సహకార సంఘమును స్థాపించిరి. 1954లో భారత ప్రభుత్వము వారిని పద్మశ్రీ బిరుదముతో గౌరవించెను.

ఈ రెండు ఊళ్లలో సరకు వేరైనను లెక్కల అవసరము ఒక్కటే. పత్తి మార్కెట్టులో ఏ రైతు ఎన్ని క్వింటాళ్లు తెచ్చెను, తూకమెంత, ధర యెంత పలికెను, సొమ్ము ముట్టెనా లేదా అని వ్రాసికొనవలెను. నేత సంఘములో ఏ మగ్గమునకు ఎంత నూలు ఇచ్చిరి, ఎంత బట్ట తిరిగి వచ్చెను, కూలి యెంత అని వ్రాసికొనవలెను. ఒకప్పుడు చిట్టా, ఆవర్జా అను రెండు పుస్తకములతో ఈ పని యంతయు జరిగిపోయెడిది. 2016 ఏప్రిల్ 14వ తేదీన జాతీయ వ్యవసాయ మార్కెట్టు అను విద్యుల్లేఖన విపణి దేశమున ప్రారంభమైనది. 2017 జూలై 1వ తేదీనుండి వస్తు సేవల పన్ను అమలులోనికి వచ్చినది. ఆ పిమ్మట చిన్న కార్యాలయమునకు సైతము కంప్యూటరు తప్పనిసరి యైనది.

పెద్ద సంస్థ ఒక యంత్రము చెడినచో మరియొకటి తెప్పించుకొనగలదు. కొలది మగ్గములు గల చిన్న సంఘమునకు అట్టి వెసులుబాటు లేదు. ఒక ల్యాప్‌టాప్ కొనుటకు వ్యయమగు ముప్పది నలుబది వేల రూపాయలు సభ్యుల చెమటనుండి వచ్చినవే. కూలి పంచు దినమున యంత్రము మొరాయించినచో, వరుసలో నిలిచినవారి యిండ్లలో ఆనాటి పొయ్యి ఆలస్యముగా రాజుకొనును. కావున చౌకగా కొనుట యెంత ముఖ్యమో, తెలిసి కొనుట అంతకంటె ముఖ్యము.

బల్లమీద స్థిరముగా నుండు కంప్యూటరు అదే ధరకు ఎక్కువ శక్తి నిచ్చును. మరమ్మతు కూడ సులభము. అయినను కరెంటు పోయి వచ్చుచుండు ఊళ్లలో దానికి వేరొక బ్యాటరీ పెట్టె కావలెను. ల్యాప్‌టాప్‌నకు బ్యాటరీ గర్భములోనే కలదు. సగము వ్రాసిన పద్దు, దీపము ఆరినను చెడిపోదు. పైగా మార్కెట్టు యార్డునకో, బ్యాంకునకో చంకలో పెట్టుకొని పోవచ్చును. 1981లో వెలువడిన ఆస్‌బర్న్ 1 అను తొలితరపు మోతకంప్యూటరు సుమారు 11 కిలోలు తూగెడిది. దాని తెర అయిదు అంగుళములే. నేటి యంత్రములు ఒకటిన్నర, రెండు కిలోలకు మించవు.

యంత్రము లోపల మూడు భాగముల పని తెలిసినచో సగము చిక్కు తీరును. లెక్కించునది ప్రాసెసరు. అప్పటికి కావలసిన కాగితములను ఎదుట పరచి యుంచునది ర్యామ్. అన్నిటిని శాశ్వతముగా దాచునది డిస్కు. లెక్కల గదిలో మొదటిది గుమాస్తా, రెండవది బల్ల, మూడవది బీరువా. బల్ల యిరుకైనచో ఎంత చురుకైన గుమాస్తా యైనను ఒక పుస్తకమును దించి మరియొకటి ఎత్తుటలోనే కాలము గడుపును. 4 జీబీ ర్యామ్ గల యంత్రములు మందకొడిగా నుండుటకు కారణమిదే. విండోస్ 11 అను నిర్వాహక వ్యవస్థకు కనీసపు అర్హతయే 4 జీబీ. బల్ల యంతయు అదియే ఆక్రమించినచో లెక్కల పట్టికకు చోటెక్కడిది? 8 జీబీ ఉన్న చాలును. కొన్ని యంత్రములలో ర్యామ్‌ను పలకకే అతికించి వేయుదురు. అట్టిదానికి తరువాత చేర్పు సాధ్యము కాదు. ఖాళీ గడి యున్నదా యని అంగడిలోనే అడుగవలెను.

బీరువా విషయమున చౌకదనము మరింత మోసపుచ్చును. పాత హార్డ్ డిస్కులో లోహపు పళ్లెము నిమిషమునకు 5400 మారులు తిరుగును; సూదివంటి తల దానిపై కదలుచు అక్షరములను వెదకును. ఎస్సెస్డీ యనునది చిప్పులతో చేసినది. తిరుగునదేదియు అందు లేదు; కావున త్వరగా తెరచుకొనును, కుదుపునకు వెరవదు. మిక్కిలి చౌక యంత్రములలో ఈఎంఎంసీ యను మూడవ రకము, 64 జీబీ పరిమాణమున, కనబడును. విండోస్ 11 కోరు కనీసపు చోటు కూడ 64 జీబీయే. మార్పులు చేర్పులు వచ్చినప్పుడెల్ల అట్టి యంత్రము చోటు లేదని మొర పెట్టును. 256 జీబీ ఎస్సెస్డీకి తక్కువ గల దానిని కార్యాలయమునకు కొనకుండుట మేలు.

ఇక గుమాస్తా సంగతి. ప్రాసెసరు పేర్లు బిరుదావళులవలె పొడవుగా నుండును. వానిని చదువ నేర్చినవాడు మోసపోడు. ఇంటెల్ ఐ3-1215యు అను పేరులో మొదటి రెండంకెలు 12వ తరమును తెలుపును. ఏఎండీ వారి రైజెన్ 3 7320యు అను పేరులో మొదటి అంకె 7 యగుటచే అది 2023 నాటి శ్రేణి. కాని మూడవ అంకె 2, లోపలి నిర్మాణము 2019లో తొలుత వెలువడిన జెన్ 2 అని చెప్పుచున్నది. కొత్త అంగీ తొడిగిన పాత మనిషి యన్నమాట. అట్లని అది పనికిరానిది కాదు. లేఖలకు, లెక్కలకు చక్కగా చాలును. దానికి కొత్తదాని ధర చెల్లింపకుండుటయే తెలివి.

పెద్ద సంస్థలు వాడి విడిచిన ల్యాప్‌టాప్‌లను బాగుచేసి సగము ధరకే అమ్మువారు కలరు. వీనిలో గట్టి కీళ్లు, మంచి మీటలు గల మేలురకములు దొరకును. కాని తరము చూడక కొనరాదు. విండోస్ 10కి ఉచిత రక్షణ సవరణలు 2025 అక్టోబరు 14తో ముగిసినవి. విండోస్ 11 ఇంటెల్ యంత్రములలో, కొలది మినహాయింపులతో, 8వ తరము మొదలుకొనియే అంగీకరించును. 6వ తరపు యంత్రము నిగనిగలాడుచు చౌకగా దొరకినను, పన్ను లెక్కలు, బ్యాంకు వ్యవహారములు నడపు కార్యాలయమున విండోస్ 10తో దానిని వాడుట తలుపు తీసి నిద్రించుట వంటిది. లినక్స్ అను ఉచిత వ్యవస్థతో దానికి ప్రాణము పోయవచ్చును. అయితే ట్యాలీ వంటి లెక్కల సాఫ్టువేరు విండోస్ కొరకు చేసినది. ఆ సంగతి ముందే విచారించుకొనవలెను.

రోజంతయు అంకెలు కొట్టు గుమాస్తాకు కుడిప్రక్క వేరుగా అంకెల మీటలు ఉన్నచో వేళ్లకు సుఖము. 15.6 అంగుళముల తెర గల యంత్రములు పెక్కింట అవి యుండును. తెరపై చుక్కలు 1920 నిలువు వరుసలు, 1080 అడ్డు వరుసలుగా ఉండవలెను. 1366, 768 అను పాత కొలత గల తెరపై పట్టికలో తక్కువ వరుసలే కనబడుటచే మాటిమాటికి పైకి క్రిందికి జరుపవలసి వచ్చును. కన్ను చెదరి ఒకరి కూలి మరియొకరి వరుసలో పడుటకు అదియొక కారణము. ప్రింటరు, వ్రేలిముద్ర యంత్రము, సంతకపు టోకెను ఒకేమారు తగిలించుకొనుటకు చాలినన్ని యూఎస్‌బీ ద్వారములున్నవా యనియు లెక్కింపవలెను.

పత్తి ఊరిలో యంత్రమునకు గల శత్రువును గూర్చి ఏ ప్రకటనయు చెప్పదు. ల్యాప్‌టాప్ అడుగున చిన్న పంకా కలదు. అది గాలిని లోనికి పీల్చి, ప్రాసెసరు వేడిని సన్నని లోహపు రేకుల మీదుగా బయటికి నెట్టును. జిన్నింగు మిల్లు సమీపమున గాలిలో తేలు దూది నుసి ఆ రేకుల మధ్య చిక్కి, నెలలు గడచుకొలది నెమ్మదిగా పొర కట్టును. వేడి బయటికి పోక, ప్రాసెసరు తన్ను తాను కాపాడుకొనుటకై వేగము తగ్గించుకొనును. యజమాని మాత్రము యంత్రము ముసలిదైనదని తలచి కొత్తదానికి డబ్బు వెదకుకొనును! పాత అంగళ్లలో పరుపుమీద కూర్చుండి పద్దులు వ్రాయుట వాడుక. ఆ పరుపుమీదనే ల్యాప్‌టాప్ ఉంచినచో గాలి రంధ్రములు పూర్తిగ మూసికొనును. గట్టి పలకపై ఉంచి, ఏడాదికి రెండుమారులు పనివానిచే నుసి తీయించుట చాలును. మిల్లు గదిలోనే పని యైనచో పంకా లేని యంత్రము మేలు. ఇంటెల్ ఎన్100 వంటి ప్రాసెసరు 6 వాట్ల శక్తితో నడచును గావున కొన్ని తయారీలలో పంకా అక్కరలేదు. వేగము కొంత తక్కువ. కాని దూది దూరుటకు దారి లేదు.

ఎండ రెండవ శత్రువు. సాధారణముగ ల్యాప్‌టాప్‌లను 35 డిగ్రీల వరకు గల గాలిలో వాడదగినవిగా తయారుదారులు సూచింతురు. ఈ ప్రాంతమున వేసవి 40 డిగ్రీలు దాటును. వేడిలో లిథియం బ్యాటరీ త్వరగా వృద్ధమగును. ఎల్లప్పుడు కరెంటుకు తగిలించి యుంచువారు, వీలున్న యంత్రములలో, నింపుటను నూటికి 80 వద్ద ఆపునట్లు అమర్చుకొనుట మంచిది.

తెలుగున లేఖలు వ్రాయుటకు వేరుగా ఏదియు కొననక్కరలేదు. 1991లోనే యూనికోడ్ తెలుగు అక్షరములకు స్థానము కల్పించినది. ఇన్‌స్క్రిప్ట్ అను మీటల అమరిక విండోస్‌లోను, లినక్స్‌లోను సిద్ధముగ నుండును. అచ్చులు, గుణింతపు గుర్తులు ఎడమచేతికి, హల్లులు చాలవరకు కుడిచేతికి వచ్చును. పాతకాలపు ఫాంట్లతో వ్రాసిన లేఖ, ఆ ఫాంటు లేని యంత్రమున తెరచినచో పిచ్చిగీతలుగా మారును. యూనికోడ్ లేఖకు ఆ బెడద లేదు. పట్టికలకు, లేఖలకు లిబ్రెఆఫీసు అను ఉచిత సాఫ్టువేరు చాలును. కొత్త యంత్రముతో వచ్చు కొన్ని ఆఫీసు సాఫ్టువేరులు నెలకో రెండు నెలలకో చందా కోరును. అది ధరలో కలిసియున్నదా యని అడుగుట అవసరము.

కొనునప్పుడు సంఘము పేర, పన్ను సంఖ్యతో రశీదు తీసికొనవలెను. ల్యాప్‌టాప్‌లపై పన్ను నూటికి 18. నమోదైన వ్యాపారులు నియమానుసారము దానిని తమ పన్నులో మినహాయించుకొనవచ్చును. హామీ ఎన్నేళ్లు అనుటకంటె, మరమ్మతుకు మనిషి వచ్చునా, యంత్రమునే పంపవలెనా అను ప్రశ్న ఈ ఊళ్లవారికి ముఖ్యము. కర్నూలుకు మోసికొని పోయి వచ్చుటకు ఒక పనిదినము పోవును. పెట్టె తెరచిన వెంటనే రశీదుపై సంఖ్యయు, యంత్రము అడుగున సంఖ్యయు సరిపోల్చి, ప్రతి మీటను నొక్కి, ప్రతి ద్వారమున ఏదియో ఒకటి తగిలించి చూచి పిదపనే ఇల్లు చేరవలెను.

ఎంత మంచి యంత్రమైనను ఒకనాడు ఆగిపోవును. అందుచేత వారమునకొకమారు లెక్కల ప్రతిని రెండు వేరు వేరు డిస్కులలోనికి ఎక్కించి, ఒకదానిని కార్యాలయపు బీరువాలోను, రెండవదానిని మరియొక కప్పు క్రిందను ఉంచుదురు.