‘మగా!’ – ఒక వాడుక మాట

బెంగళూరు మెజెస్టిక్ బస్ స్టాండులోనో, జయనగర్ వీధుల్లోనో కాసేపు నిలబడితే “బా మగా”, “ఊట ఆయ్తా మగా?” అనే మాటలు చెవిన పడతాయి. ఒకడు స్నేహితుణ్ణి రమ్మంటున్నాడు, మరొకడు భోజనమైందా అని అడుగుతున్నాడు. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం మాట్లాడే మీకు ఈ పిలుపు కొత్త కాదు. కాని ఆంధ్రదేశం నుండి వచ్చిన చుట్టాలు దీన్ని ‘మగవాడా’ అన్న అర్థంలో తీసుకొని తికమకపడతారు.

కన్నడంలో ‘మగ’ అంటే కొడుకు. ‘మగళు’ కూతురు, ‘మక్కళు’ పిల్లలు, ‘మగు’ శిశువు. తమిళులు కొడుకును ‘మగన్’ అంటారు. మన ‘మగ’ కూడా వీటి చుట్టమే. బరో, ఎమెనో అనే పండితులు 1961లో ప్రకటించిన ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు ఈ మాటలన్నిటినీ ఒకేచోట చేర్చింది. అయితే తెలుగులో ఆ స్థానం ‘కొడుకు’కు దక్కింది. ‘మగ’ పురుషజాతిని తెలిపే మాట అయింది, ‘మగడు’ భర్త అయ్యాడు. ‘మగువ’ మాత్రం స్త్రీయే! తమాషా ఏమిటంటే, కన్నడంలో పురుషుణ్ణి ‘గండు’ అనీ, భర్తను ‘గండ’ అనీ అంటారు. మనకు ఆ ‘గండు’ గండుపిల్లి, గండుతుమ్మెద వంటి మాటల్లోనే నిలిచింది.

కొడుకును పిలిచే మాటతో ఈడువాణ్ణి పిలవడం వింత కాదు. చనువు పెరిగినచోట బంధుత్వపు మాటలు స్నేహంలోకి వస్తాయి. తమిళం నుండి వచ్చి బెంగళూరులో స్థిరపడిన ‘మచ్చా’ బావమరిదిని పిలిచే మాట. హైదరాబాదు కుర్రవాళ్ళు ‘మామా’ అంటారు. మన పెద్దలు పసివాణ్ణి ‘నాయనా’, ‘తండ్రీ’ అని పిలుస్తారు. కన్నడ యువకుడు తోటివాణ్ణి కొడుకును చేస్తే, తెలుగు తాత మనుమణ్ణి తండ్రిని చేస్తాడు!

స్నేహితుల్లో ‘మగా’ ఈడువాళ్ళ మధ్యనే చెల్లుతుంది. ఆడపిల్లలు కూడా తమలో తాము ఇలా పిలుచుకోవడం ఇప్పుడు వింటున్నాం. ఉపాధ్యాయుణ్ణి గాని, అంగడిలోని పెద్దమనిషిని గాని అలా పిలిస్తే అవమానించినట్లే. ‘మగనే’ అనే రూపం తల్లి నోట లాలన, తగాదాలో తిట్టు. తెలుగు ‘కొడకా’ సంగతీ అంతే. మాట ఒకటే అయినా, ఎవరు, ఎవరితో, ఏ గొంతుతో అన్నారో దాన్నిబట్టి అర్థం మారుతుంది.

వ్యాసంలో, దరఖాస్తులో ఈ మాటకు చోటు లేదు. కథలో ఇద్దరు బెంగళూరు కుర్రవాళ్ళను మాట్లాడించవలసి వస్తే మాత్రం ‘మిత్రమా’ అని రాయకండి, ఎవరూ నమ్మరు.