వాట్సాప్ గ్రూపు అవతల మన క్లాసు సంగతి ఎవరికి తెలుస్తుంది?

ఆగస్టు వస్తోందంటే చాలు, మన వాట్సాప్ గ్రూపులు ఫ్లయర్లతో నిండిపోతాయి. కూచిపూడి క్లాసులు, కర్ణాటక సంగీతం, మ్యాథ్ ట్యూషన్లు, వారాంతపు కేటరింగ్. పెట్టిన అరగంటకే ఆ ఫ్లయరు పుట్టినరోజు శుభాకాంక్షల కింద కూరుకుపోతుంది. పైగా ఒక వాట్సాప్ గ్రూపులో 1,024 మందికి మించి ఉండే వీల్లేదు. మీరున్న నాలుగు గ్రూపుల్లోనూ కనిపించేవి దాదాపు అవే పేర్లు. వాళ్లందరికీ మీ క్లాసు సంగతి ముందే తెలుసు.

తెలియనిది నిన్నగాక మొన్న న్యూజెర్సీ నుంచి డాలస్‌కి మారిన కుటుంబానికి. వాళ్లమ్మాయికి ఏడేళ్లు. అక్కడ మొదలుపెట్టిన డాన్సు ఇక్కడ ఆగిపోకూడదని వాళ్ల తాపత్రయం. ఆ తల్లి ఇక్కడి ఏ గ్రూపులోనూ లేదు. ఫోన్ తీసి 'కూచిపూడి క్లాసెస్ నియర్ మీ' అని ఇంగ్లిష్‌లో కొడుతుంది. ఆ క్షణంలో మీరు కనబడాలి. డిజిటల్ మార్కెటింగ్ అని పెద్ద పేరు పెట్టుకున్న పనిలో ముఖ్యమైన భాగం ఇదే.

చిన్న వ్యాపారాల ఆన్‌లైన్ ప్రకటనలు చూడటం నా వృత్తి. మనవాళ్లు తరచుగా అడిగేది ఒకటే: "ఫేస్‌బుక్‌లో బూస్ట్ చేయమంటారా, గూగుల్‌కి కట్టమంటారా?" ఆ రెండింటికన్నా ముందు చేయాల్సిన పని ఇంకొకటుంది. దానికి పైసా ఖర్చు లేదు. ఫ్రిస్కోలో ఓ హాలు అద్దెకు తీసుకుని కూచిపూడి నేర్పే టీచరుగారు ఒకరున్నారనుకుని చెబుతాను. మీది కేటరింగ్ అయినా, ట్యూషన్ అయినా లెక్క పెద్దగా మారదు.

ఆ ఖర్చు లేని పని గూగుల్ బిజినెస్ ప్రొఫైల్. 2021 వరకు దీన్నే గూగుల్ మై బిజినెస్ అనేవారు. మ్యాప్‌తో పాటు పైన కనిపించే జాబితాలోకి దీని ద్వారానే వెళ్తారు. ఎవరిని పైన చూపించాలన్నది మూడు విషయాల మీద ఆధారపడుతుందని గూగులే చెబుతుంది: వెతికినదానికి ఎంత సంబంధం ఉంది, ఎంత దూరంలో ఉంది, ఎంత పేరుంది. దూరం మన చేతిలో లేదు. మిగతా రెండూ ఉన్నాయి. డాన్స్ స్కూల్ అన్న కేటగిరీ సరిగ్గా ఎంచుకోండి, క్లాసు వేళలు రాయండి, హాలు ఫొటోలు పెట్టండి. స్కూలు పేరుకు 'బెస్ట్ కూచిపూడి ఇన్ డాలస్' అని తోక తగిలించకండి. అది నిబంధనలకు విరుద్ధం, ప్రొఫైల్ ఆపేసే ప్రమాదం కూడా ఉంది. ఇంట్లో వండి కస్టమర్ల దగ్గరకు తీసుకెళ్లేవారైతే ఇంటి చిరునామా దాచి, ఏయే ఊళ్లకు సర్వీసు ఇస్తారో మాత్రం చూపించవచ్చు.

ఇక్కడే ఇంకో మాట. హెచ్-4 మీద ఉండి ఈఏడీ లేనివారు వీటన్నిటికన్నా ముందు ఇమ్మిగ్రేషన్ లాయరుతో మాట్లాడాలి. పబ్లిక్‌గా పెట్టిన ప్రొఫైలు, ఫీజుల పట్టిక మీరు పని చేస్తున్నారనడానికి సాక్ష్యాలు కాగలవు.

పేరు రావాలంటే రివ్యూలు కావాలి. రివ్యూలు అనగానే మనవాళ్లకు హైదరాబాద్‌లోని బావమరిది గుర్తొస్తాడు, ఆయన స్నేహితులు గుర్తొస్తారు. దయచేసి వద్దు. నకిలీ రివ్యూలు రాయించడం, డబ్బిచ్చి మంచి రివ్యూలు కొనుక్కోవడం, సంబంధం చెప్పకుండా ఇంటివాళ్లతో రాయించడం వంటి వాటిని నిషేధిస్తూ అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ తెచ్చిన నియమం 2024 అక్టోబరు నుంచి అమల్లో ఉంది. రివ్యూ రాస్తే ఫీజులో తగ్గింపు ఇస్తామనడం కూడా గూగుల్ నిబంధనలకు విరుద్ధమే. వార్షికోత్సవం అయిన మర్నాడు, తల్లిదండ్రులు ఇంకా వీడియోలు చూసుకుని మురిసిపోతున్నప్పుడు, రివ్యూ లింకు పంపి "మీకు ఎలా అనిపించిందో రాయండి" అంటే చాలు. నిజాయితీగా వచ్చిన పన్నెండు రివ్యూలు బావమరిది బృందం యాభై కన్నా నయం.

తర్వాత వెబ్‌సైటు. మనవాళ్ల డాన్స్ స్కూళ్ల సైట్లలో చాలావాటికి ఒకే పోలిక: గురువుగారి బిరుదులు, నటరాజ విగ్రహం, కాంటాక్ట్ ఫారం. తల్లిదండ్రుల మనసులో తిరిగే ప్రశ్నలు మాత్రం వేరు. ఏ వయసులో చేర్చాలి? కూచిపూడికీ భరతనాట్యానికీ తేడా ఏమిటి? పళ్లెం అంచుల మీద నిలబడి తరంగం చేసే దశకు రావడానికి ఎన్నేళ్లు పడుతుంది? అన్నిటికన్నా పెద్ద ప్రశ్న ఎవరూ బయటకు అడగరు: రంగప్రవేశానికి ఎంతవుతుంది? హాలు, వాద్యబృందం, ఆహార్యం, నగలు, మేకప్, ఫొటోలు, వచ్చినవాళ్లందరికీ భోజనాలు. ఏ ఖర్చు తప్పనిసరి, ఏది మన సరదా, మీ స్కూల్లో మొత్తం ఎంతలో చేయొచ్చు అని ఓ పేజీలో నిజం రాసి చూడండి. కంటెంట్ మార్కెటింగ్‌లో ఇంతకన్నా పెద్ద రహస్యం లేదు. ఆ పేజీ చదివి ఫోన్ చేసేవాళ్లు సగం నమ్మకంతోనే చేస్తారు. ఒక్కో ప్రశ్నకు ఒక్కో పేజీ, ఇంగ్లిష్‌లోనే రాయండి. తెలుగు ఇంట్లో ఎంత మాట్లాడినా, వెతికేటప్పుడు మనవాళ్లలో చాలామంది కొట్టేది ఇంగ్లిషే.

ఇవన్నీ అయ్యాకే డబ్బు పెట్టి ప్రకటనలు. గూగుల్ 2000లో యాడ్‌వర్డ్స్ పేరుతో మొదలుపెట్టి, 2018లో గూగుల్ యాడ్స్‌గా పేరు మార్చిన వ్యవస్థ ఇది. మీరు ఎంచుకున్న మాటలు ఎవరైనా వెతికిన ప్రతిసారీ లోపల ఒక చిన్న వేలంపాట జరుగుతుంది. ఎక్కువ పాడినవాడే గెలుస్తాడని లేదు. ప్రకటన వెతికిన మాటకు ఎంత దగ్గరగా ఉంది, నొక్కితే వచ్చే పేజీ ఎంత పనికొచ్చేలా ఉంది అన్నవీ లెక్కలోకి వస్తాయి. అందుకే పేజీలు ముందు రాయమన్నాను. సాధారణంగా ఎవరైనా ప్రకటన నొక్కితేనే మీకు ఖర్చు.

డబ్బు కారిపోయేది సెట్టింగుల్లో. మొదటిది ప్రాంతం. డాలస్ అని పెట్టగానే డాలస్‌లో ఉన్నవాళ్లకే కనబడుతుందనుకుంటాం. గూగుల్ తనంతట తాను పెట్టే సెట్టింగులో డాలస్ మీద 'ఆసక్తి' చూపినవాళ్లు కూడా ఉంటారు. అంటే విజయవాడలో కూర్చుని డాలస్ గురించి వెతికినవారు మీ ప్రకటన నొక్కినా డాలర్లు మీవే. దాన్ని 'అక్కడ ఉన్నవాళ్లు మాత్రమే' అని మార్చుకోవాలి. రెండోది మాటలు. 'కూచిపూడి' అని వదులుగా వదిలేస్తే కృష్ణా జిల్లాలోని కూచిపూడి ఊరికి దారి వెతికేవారు, డాన్సు డ్రెస్సులు కొనేవారు, పాటలు డౌన్‌లోడ్ చేసుకునేవారు అందరూ వస్తారు. 'విలేజ్', 'కాస్ట్యూమ్', 'సాంగ్స్', 'జాబ్స్' లాంటి మాటలను నెగటివ్ కీవర్డ్స్ జాబితాలో చేర్చాలి. అవి ఉన్న వెతుకులాటలకు మీ ప్రకటన రాదు. అసలు జనం ఏం వెతికి మీ దగ్గరకొచ్చారో చూపే నివేదిక ఖాతాలోనే ఉంటుంది. మొదటి నెల వారానికోసారి అది తెరవండి. నా అనుభవంలో అంత వినోదం, అంత విషాదం ఒకేచోట దొరికేది అక్కడే.

మూడోది బడ్జెట్. రోజుకు 10 డాలర్లని పెడితే ఒక్కోరోజు 20 వరకు పోవచ్చు, కంగారు పడకండి. నెల మొత్తానికి 30.4 రోజుల లెక్కన 304 దాటదు.

లాభమా నష్టమా అన్నది లైకులతో తేలదు. ఉదాహరణకు క్లిక్కుకు 2 డాలర్లనుకుందాం. వంద క్లిక్కులకు 200. అందులో పదిమంది ఫోన్ చేసి, ఇద్దరు చేరితే ఒక్కో విద్యార్థికి 100 డాలర్లు పడింది. నెల ఫీజు 80 అయి, పిల్ల రెండేళ్లు నేర్చుకుంటే 1,920 వస్తాయి. ఇది మంచి బేరం. అదే ఒక్కసారి బర్త్‌డే కేకు అమ్మేవారికి 100 డాలర్లు పెట్టి కస్టమర్‌ని తెచ్చుకోవడం దండగ. ఫోన్ చేసిన ప్రతివారినీ "మా గురించి ఎలా తెలిసింది?" అని అడిగి నోట్‌బుక్‌లో రాసుకోండి.

ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ వేరే దారి. అక్కడ ఎవరూ క్లాసు కోసం వెతకడం లేదు, కాలక్షేపం చేస్తున్నారు. విజయదశమి అడ్మిషన్లు, ఉచిత డెమో క్లాసు లాంటి తేదీ ఉన్న విషయానికి పిల్లల నృత్యం వీడియో (తల్లిదండ్రుల అనుమతితో) బాగా పనిచేస్తుంది. ఏడాది పొడవునా బూస్ట్ బటన్ నొక్కడం మాత్రం నేను సలహా ఇవ్వను.

ఇంత చేసి వచ్చిన కుటుంబాల ఈమెయిళ్లు జాగ్రత్తగా దాచుకోండి. ఈ ఏడాది చేరనివారు వచ్చే ఏడాది చేరొచ్చు. కానీ అనుమతి ఇచ్చినవారికే పంపండి. గుడి డైరెక్టరీ, తెలుగు సంఘం సభ్యుల జాబితా కాపీ చేసి పంపడం మన దగ్గర మామూలైపోయింది, నాకది అసలు నచ్చదు. అమెరికాలో 2003 నాటి కాన్-స్పామ్ చట్టం ప్రకారం ప్రతి ప్రచార మెయిల్‌లో పోస్టల్ చిరునామా ఉండాలి (పీఓ బాక్స్ సరిపోతుంది), వద్దనుకునే దారి ఉండాలి, వద్దన్నవారిని 10 పనిదినాల్లో తీసేయాలి. ఉల్లంఘిస్తే ఒక్కో మెయిల్‌కు 50 వేల డాలర్లకు పైగా జరిమానా పడే వీలుంది. కెనడాలో, బ్రిటన్‌లో అనుమతి నిబంధనలు ఇంకా గట్టివి. మెయిల్ సర్వీసు ద్వారా పంపేవారు జీమెయిల్ చిరునామా కాకుండా సొంత డొమైన్ వాడాలి. 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్, యాహూ నియమాలు బిగించాక, జీమెయిల్ పేరుతో బయటి సర్వీసు నుంచి వెళ్లే ప్రచార మెయిళ్లు స్పామ్‌లోకి పోయే అవకాశం చాలా ఎక్కువ.

డొమైన్ మాట వచ్చింది కాబట్టి ఓ ఉదంతం. నాకు తెలిసిన కేటరింగ్ దంపతులు నెలనెలా ఓ ఏజెన్సీకి డబ్బు కట్టేవారు. గూగుల్ మొదటి పేజీ గ్యారంటీ అన్నారట. మొదటి స్థానం ఎవరూ గ్యారంటీ ఇవ్వలేరని గూగులే రాసి పెట్టింది. ఏడాది తర్వాత మానేద్దామంటే డొమైన్ ఏజెన్సీ పేరు మీద ఉంది, ప్రకటనల ఖాతా వాళ్లదే, ప్రొఫైల్ యజమాని కూడా వాళ్లే. ఆరేళ్ల వ్యాపారానికి కొత్త పేరుతో మళ్లీ బోర్డు పెట్టుకున్నారు.

కాబట్టి ఎవరికి పని అప్పగించినా డొమైన్ మీ ఖాతాలో, మీ క్రెడిట్ కార్డు మీద కొనండి. బిజినెస్ ప్రొఫైల్‌లో మీరు ఓనర్, వాళ్లు మేనేజర్. ప్రకటనల ఖాతా మీరే తెరిచి వాళ్లకు ప్రవేశం ఇవ్వండి. మెయిల్ జాబితా నెలకోసారి డౌన్‌లోడ్ చేసి మీ కంప్యూటర్‌లో పెట్టుకోండి. ఇప్పటికే ఎవరితోనో చేయిస్తున్నవారు ఈ వారం వాళ్లకు ఫోన్ చేసి, డొమైన్ ఎవరి పేరు మీదుంది, రెన్యూవల్ తేదీ ఎప్పుడు అని అడగండి. జవాబు నసుగుతూ వస్తే, రెన్యూవల్‌కు ముందే బదిలీ చేయమని ఈమెయిల్‌లో రాతపూర్వకంగా అడగండి.