వలలు ఆరే నెలలో మన పండుగలు: రజ, ఏరువాక, దగ్గరి విహారాలు

వేసవి ముగింపుకు వచ్చేసరికి మన సంఘం కార్యాలయానికి ప్రతి ఏడూ ఒకే ప్రశ్న వస్తుంది. "సెక్రటరీ గారూ, మనం రజ చేసుకోవాలా, ఏరువాక చేసుకోవాలా?" అడిగేవాళ్ళు ఎక్కువగా కొత్తగా కాపురం పెట్టిన ఆడపిల్లలు. పుట్టిల్లు ఇచ్ఛాపురం వైపు, అత్తిల్లు బరంపురం. అత్తగారు పొడొపిఠా చేయమంటారు, అమ్మ ఫోన్లో ఏరువాక పున్నమి గుర్తు చేస్తుంది. ఈ ఏడాది ఆ ప్రశ్నకు ఇంకో చిక్కు తోడైంది. మార్కండి నుంచి వచ్చిన ఒక పెద్దాయన అడిగారు: "బాబూ, మా కుర్రాళ్ళందరూ ఇంటికొచ్చే రోజుల్లోనే అధిక మాసం పడింది. పెళ్ళి ఎప్పుడు చెయ్యమంటారు?"

ఆయనకు నోటితో చెప్పిన సమాధానమే అందరికీ పనికొస్తుందని ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

ఊరంతా ఇంట్లో ఉండే రెండు వారాలు

తూర్పు తీరంలో చేపల వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, మొత్తం 61 రోజులు. 2015కు ముందు ఇది 47 రోజులే ఉండేది, మే 31తో ముగిసేది. చేపలు గుడ్లు పెట్టే కాలం గనుక సముద్రానికి ఈ విశ్రాంతి. యంత్రం లేని సంప్రదాయ తెప్పలకు ఈ నిషేధం లేదు గాని, ఇప్పుడు మన తీరంలో మోటారు లేని పడవలు ఎన్ని మిగిలాయో అందరికీ తెలిసిందే.

పశ్చిమ తీరంలో నిషేధం జూన్ 1 నుంచి జూలై 31 వరకు. గంజాం తీరంలోని మన తెలుగు మత్స్యకార కుటుంబాల కుర్రాళ్ళు ఇటు విశాఖ, చెన్నై, పారాదీప్ బోట్ల మీద ఉంటారు, అటు కర్ణాటక, గోవా, కేరళ బోట్ల మీదా ఉంటారు. మొదటివాళ్ళు ఏప్రిల్ మధ్యలో ఇల్లు చేరతారు. రెండోవాళ్ళు జూన్ మొదట్లో రైలు దిగుతారు. మొదటివాళ్ళు మళ్ళీ జూన్ 14కల్లా సామాను సర్దుకోవాలి. లెక్క వేసి చూడండి. అన్నదమ్ములిద్దరూ ఒకే పందిరి కింద కూర్చుని అన్నం తినే రోజులు ఏడాది మొత్తం మీద జూన్ 1 నుంచి 14 వరకే.

అందుకే మన తీర గ్రామాల్లో పెళ్ళిళ్ళు, పుట్టు వెంట్రుకలు, గృహప్రవేశాలు, గంగమ్మ తల్లి మొక్కులు అన్నీ ఈ రెండు వారాల చుట్టూ తిరుగుతాయి. రేషన్ కార్డులో పేరు చేర్చడం, ఆధార్ సరిచేయించడం, బ్యాంకు పని కూడా ఇప్పుడే. నేను గుమాస్తాగా ఉన్న రోజుల్లో జూన్ మొదటి వారం వచ్చిందంటే కౌంటరు ముందు మనవాళ్ళ వరుస చూసే చెప్పేవాణ్ణి, బోట్లు ఆగాయని.

ఈసారి వచ్చిన చిక్కు

మన పంచాంగంలో నెలలు చంద్రుణ్ణి బట్టి నడుస్తాయి. పన్నెండు చాంద్రమాసాలకు సుమారు 354 రోజులు, సౌర సంవత్సరానికి 365. ఏటా పదకొండు రోజుల తేడా పెరుగుతూ పోతే ఉగాది వానల్లోకి జారిపోతుంది. ఆ తేడా సరిచేయడానికి సుమారు ముప్పై రెండున్నర నెలలకు ఒకసారి ఒక నెల అదనంగా వస్తుంది. రెండు అమావాస్యల మధ్య సూర్యుడు రాశి మారకపోతే అది అధిక మాసం.

2026లో అధిక జ్యేష్ఠం మే 17న మొదలై జూన్ 15 ఉదయం అమావాస్యతో ముగుస్తుంది. అదే రోజు కొన్ని గంటల తర్వాత సూర్యుడు మిథునంలోకి వెళతాడు. ఆ కొద్ది గంటల తేడాతోనే ఈ నెల అధికమైంది. మన ఇళ్ళలో అధిక మాసంలో పెళ్ళి, గృహప్రవేశం పెట్టరు. పూజ, దానం, నదీ స్నానం మాత్రం చేస్తారు. అంటే ఊరంతా కలిసే ఆ రెండు వారాలూ ముహూర్తం లేని రోజుల్లోకి వెళ్ళిపోయాయి.

మార్కండి పెద్దాయనకు నేను చెప్పింది ఇది: పెళ్ళి నిజ జ్యేష్ఠంలో పెట్టుకోండి. ఏ బోటులో ఎవరు ఉన్నారో చూసుకుని, తూర్పు తీరం బోట్ల మీద పనిచేసేవాళ్ళ చేత ముందే సెలవు మాట్లాడించండి. పశ్చిమ తీరం వాళ్ళకు జూలై ఆఖరు దాకా బెంగ లేదు. ముహూర్తానికి మాత్రం మీ పురోహితుణ్ణే అడగండి, సెక్రటరీని కాదు. ఆయన నవ్వారు గాని, పెద్ద కొడుకు విశాఖ బోటు మీద ఉంటాడట. "వాడు లేకుండా చిన్నోడి పెళ్ళా?" అన్నారు. ఆ ప్రశ్నకు నా దగ్గర పంచాంగం లేదు.

రజ ఎందుకు కదలదు

రజ పండుగకు ఈ ఇబ్బంది లేదు. అది సూర్యుణ్ణి బట్టి వచ్చే పండుగ. మిథున సంక్రాంతికి ముందు రోజు పొహిలి రజ, సంక్రాంతి నాడు రజ సంక్రాంతి, మర్నాడు భూదహ లేదా బాసి రజ. ఈ ఏడాది జూన్ 14, 15, 16. నాలుగో రోజు వసుమతీ స్నానం.

తొలకరికి ముందు భూమి తల్లి రజస్వల అవుతుందని ఒడియా వారి నమ్మకం. మూడు రోజులు నేల దున్నరు, తవ్వరు. ఆడపిల్లలకు ఇంటి పని ఉండదు. కొత్త బట్టలు, పాదాలకు పారాణి, చెట్టుకు ఉయ్యాల, నోట్లో పాన్. నాలుగో రోజు సన్నికల్లును భూదేవిగా భావించి పసుపు నీళ్ళతో స్నానం చేయిస్తారు. ఆడపిల్ల పెద్దమనిషి అయితే పేరంటం పిలిచి అట్లు పోసి పంచిన ఇళ్ళు మనవి. కాబట్టి రజ మనకు పరాయిగా ఉండాల్సిన పనిలేదు.

పొడొపిఠా సంగతికి వస్తే, బియ్యం, మినప్పప్పు రుబ్బి, బెల్లం, కొబ్బరి, అల్లం, ఏలకులు వేసి, అరిటాకులో చుట్టి, సన్నని నిప్పుల మీద రాత్రంతా మగ్గనిస్తారు. మన దిబ్బరొట్టెకు తీపి చెల్లెలు అనుకోండి. దిబ్బరొట్టె చేయడం వచ్చిన ఏ ఇల్లాలికైనా ఇది కష్టం కాదు. నిప్పు తగ్గించడంలోనే ఉంది కిటుకు.

ఏరువాక ఎప్పుడు

ఏరు అంటే ఎద్దులు పూన్చిన నాగలి. ఏరు సాగడం మొదలుపెట్టే రోజు ఏరువాక పున్నమి, అంటే జ్యేష్ఠ పౌర్ణమి. ఎద్దులను కడిగి, కొమ్ములకు రంగులు పూసి, గజ్జెలు కట్టి, పొంగలి పెట్టి, కాడికి పసుపు కుంకుమలు అద్ది మొదటి చాలు దున్నుతారు. సాయంత్రం ఊరి వాకిట గోగునార తోరణం కట్టి, చెళ్ళకోలలతో కొట్టి, ఎవరికి అందిన నార వాళ్ళు ఇంటికి తీసుకెళ్ళే ఆచారం చాలా ఊళ్ళలో ఉండేది.

2025లో జ్యేష్ఠ పౌర్ణమి జూన్ 11న వచ్చింది, రజ కంటే ముందు. ఈ ఏడాది అధిక మాసం దాటి నిజ జ్యేష్ఠ పౌర్ణమి జూన్ 29న వస్తోంది, రజ తర్వాత రెండు వారాలకు. పూరీలో జగన్నాథుని స్నాన పూర్ణిమ కూడా అదే రోజు. రథయాత్ర జూలై 16న.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు సమాధానం. రజ నాడు నేల విశ్రాంతి తీసుకుంటుంది, ఏరువాక నాడు నేలకు పని మొదలవుతుంది. ఈ ఏడాది క్రమం సరిగ్గా అలాగే కుదిరింది, ముందు విశ్రాంతి, తర్వాత పని. అత్తగారి మాటా వినండి, అమ్మ మాటా వినండి. నా ఉద్యోగ కాలంలో ఒకసారి ఏరువాకకు సెలవు అడిగితే పై అధికారి "రజకు సెలవులు ఇచ్చాంగా, ఇదేం పండుగ?" అన్నారు. అప్పుడు నాకు వివరించి చెప్పడం రాలేదు. మన పిల్లలకు ఆ పరిస్థితి రాకూడదని ఇంత రాస్తున్నాను.

దగ్గరలో చూడదగినవి

ముహూర్తాలు లేని రెండు వారాలు ఊరికే పోనివ్వకండి. పిల్లలను బయటికి తీసుకెళ్ళండి.

తారాతారిణి: పురుషోత్తంపురం దగ్గర రుషికుల్య ఒడ్డున కొండ మీద గుడి, 999 మెట్లు. మెట్లు ఎక్కలేనివారికి రోప్‌వే ఉంది. చైత్ర మంగళవారాల్లో కిక్కిరిసిపోయే ఈ కొండ జూన్‌లో ఖాళీగా ఉంటుంది. ఉదయం తొమ్మిదికల్లా దిగేలా చూసుకోండి.

జౌగడ: అక్కడికి దగ్గరలోనే. క్రీస్తుపూర్వం మూడో శతాబ్దంలో అశోకుడు రాతి మీద చెక్కించిన శాసనం ఉంది. కళింగ యుద్ధం గురించి పుస్తకంలో చదివిన పిల్లలకు ఆ కళింగ నేలనే చూపించినట్టవుతుంది.

తప్తపాణి: బరంపురానికి సుమారు 50 కిలోమీటర్లు. కొండల మధ్య గంధకపు వేడినీటి ఊట. ఇంకా ముందుకు వెళితే గజపతి జిల్లా చంద్రగిరి, జీరంగ. అక్కడి టిబెట్ వారి పద్మసంభవ మహావిహారాన్ని 2010లో దలైలామా ప్రారంభించారు. ఊరు విడిచి వచ్చి, భాష విడవకుండా బతుకుతున్న వాళ్ళను మన పిల్లలు చూడటం మంచిదే.

గోపాలపురం: బరంపురానికి 16 కిలోమీటర్లు. దీపస్తంభం, పాత రేవు ఆనవాళ్ళు. ఒకప్పుడు మన తాతల కాలం వాళ్ళు రంగూన్ ఓడ ఎక్కింది ఇక్కడే. కూలికి వెళ్ళిన వారిలో తెలుగువాళ్ళూ ఒడియావాళ్ళూ ఉన్నారు. మీ ఇంట్లో రంగూన్ పెట్టె గాని, ఫోటో గాని ఉంటే దాన్ని పిల్లలకు చూపించి ఆ తర్వాత రేవుకు తీసుకెళ్ళండి.

సోనాపురం: బహుదా నది సముద్రంలో కలిసే చోటు. ఇచ్ఛాపురం మీదుగా పారిన నీరే మళ్ళీ మన జిల్లాలోకి వచ్చి ఇక్కడ సముద్రం చేరుతుంది. 1936 ఏప్రిల్ 1న గీత గీసి జిల్లాను విడదీశారు గాని, నది దాన్ని పట్టించుకోలేదు.

సముద్రం దగ్గర జాగ్రత్త

ఈ భాగం మాత్రం దాటేయకుండా చదవండి. జూన్ రెండో వారానికి రుతుపవనాలు మన తీరానికి చేరతాయి. సముద్రం పైకి మామూలుగా కనిపించినా కింద నుంచి లాగుతుంది. పదేళ్ళ కిందట మా వీధి కుర్రాడు ఒకడు మోకాలి లోతు నీళ్ళలో నిలబడి ఫోటో దిగుతూ చూస్తుండగానే కొట్టుకుపోయాడు. ఒడ్డున వల బాగుచేసుకుంటున్న ఒక మత్స్యకారుడు తాడు నడుముకు కట్టుకుని దూకి లాక్కొచ్చాడు. ఆ కుర్రాడికి ఇప్పుడు ఇద్దరు పిల్లలు. అందరికీ అలాంటి మనిషి ఒడ్డున దొరకడు.

నీరు లోపలికి లాగితే ఒడ్డు వైపు ఎదురీదకండి, అలసిపోతారు. తీరానికి సమాంతరంగా పక్కకు ఈదితే లాగుడు వదులుతుంది. పిల్లలను నీటిలోకి పంపేముందు అక్కడి మత్స్యకారులను అడగండి. వాళ్ళు వద్దంటే వద్దే.

మత్స్యకార సోదరులకు కూడా ఒక మాట. నిషేధం జూన్ 14తో ముగుస్తుంది. మర్నాడు 15న రజ సంక్రాంతి, పైగా అమావాస్య. అమావాస్య పోటు ఎక్కువ. రెండు నెలలు ఆదాయం లేక, వడ్డీ పెరిగి, మొదటి రోజే వెళ్ళాలన్న తొందర ఉంటుందని తెలుసు. ఆంధ్రలో నిషేధ కాలానికి ఇచ్చే సాయాన్ని 2025లో కుటుంబానికి 20,000 రూపాయలు చేశారు. గీతకు ఇటువైపు నిబంధనలు వేరు కాబట్టి, మీకు వర్తించేది ఏమిటో మత్స్యశాఖ కార్యాలయంలో అడిగి తెలుసుకోండి. దరఖాస్తు ఒడియాలో రాయడం కష్టమైతే మా దగ్గరకు రండి. కాగితాలు రాయడమే నా జీవితమంతా చేసిన పని. కాని వాతావరణ హెచ్చరిక ఉన్న రోజున పడవ దించకండి. పడవకు పసుపు కుంకుమ పెట్టి, గంగమ్మకు కొబ్బరికాయ కొట్టి, ఒక రోజు ఆగితే తల్లి ఏమీ అనుకోదు.

చివరగా ఒక విన్నపం. జూన్ 1 నుంచి 14 వరకు ఇంట్లో అందరూ ఉంటారు. ఈసారి పెళ్ళి పందిళ్ళు లేవు కాబట్టి సాయంత్రాలు ఖాళీ. పిల్లలను కూర్చోబెట్టి రోజుకు నాలుగు తెలుగు అక్షరాలు దిద్దించండి. పద్నాలుగు రోజులకు యాభై ఆరు, అంటే వర్ణమాల పూర్తవుతుంది. మార్కండి పెద్దాయన ఇద్దరు మనవలను అప్పుడే మాట ఇచ్చేశారు. పలకలు సంఘం ఇస్తుంది.